ఒక్క స్లైడ్ గిటార్‌తో సినిమాకి ఆర్.ఆర్. చేయడం: రై కూడర్ దారి

బ్యాండుల్లో గిటార్ వాయించేవాళ్లని ఇప్పుడు షార్ట్ ఫిల్ములకీ చిన్న సినిమాలకీ ఆర్.ఆర్. (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) చేయమని అడుగుతున్నారు. ఒప్పుకున్నాక చాలామంది చేసే మొదటి పని కంప్యూటర్‌లో స్ట్రింగ్స్ లైబ్రరీ (ముందే రికార్డు చేసి అమ్మే వయొలిన్ల శబ్దాలు) తెరవడం. అక్కడే దారి తప్పుతుంది. చేతిలో ఉన్న గిటార్ శబ్దం మీది, ఆ లైబ్రరీ శబ్దం అందరిదీ. రాక్ నేపథ్యం నుంచి సినిమాకి వెళ్లిన వాళ్లలో ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి అమెరికన్ గిటారిస్టు రై కూడర్. 1967లో కెప్టెన్ బీఫ్‌హార్ట్ మొదటి ఆల్బమ్‌లో గిటార్ వాయించి, రోలింగ్ స్టోన్స్ సెషన్లలో పనిచేసి, 1980లో వాల్టర్ హిల్ 'ది లాంగ్ రైడర్స్'తో సినిమా సంగీతంలో స్థిరపడ్డారు. 1984లో కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన విమ్ వెండర్స్ 'పారిస్, టెక్సాస్'కి ఆయన చేసిన ఆర్.ఆర్. ప్రధానంగా ఒక స్లైడ్ గిటారే, అంటే వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జారుస్తూ వాయించేది. తోడుగా వాయించింది డేవిడ్ లిండ్లీ, జిమ్ డికిన్సన్. రెండున్నర గంటలకి దగ్గరగా ఉన్న సినిమాకి విడుదలైన ఆల్బమ్ అరగంట పైచిలుకు మాత్రమే; అందులోనూ ఒక పెద్ద ట్రాకు నిండా సినిమాలోని మాటలే.

ఈ పద్ధతిలో పని ఎలా సాగుతుందో వరసగా చూద్దాం. గిటార్ వాయించడం వచ్చు, సినిమా పని కొత్త అన్నవాళ్లకోసం ఇది.

గిటార్ తీసే ముందు లొకేషన్ సౌండ్ వినండి

వెండర్స్ యూనిట్ ఎడారిలో మైకులు పెట్టి అక్కడి గాలినీ చప్పుడునీ చక్కగా రికార్డు చేసింది. ఆ గాలి ఇ ఫ్లాట్ శ్రుతిలో ఉందని కనిపెట్టి, వాద్యాలన్నీ ఇ ఫ్లాట్‌కి శ్రుతి చేసుకున్నామని కూడర్ తర్వాత చెప్పారు. ఆ సినిమాలో గిటార్ ఎక్కడ మొదలైందో, గాలి ఎక్కడ ఆగిందో తెలియకపోవడానికి సగం కారణం అదే. ఈ ఒక్క పని చేస్తే మీ ఆర్.ఆర్. మీద నుంచి అతికించినట్టు ఉండదు.

సౌండ్ రికార్డిస్టుని ప్రతి లొకేషన్ రూమ్ టోన్ అడగండి. ఎవరూ మాట్లాడకుండా తీసిన 30 సెకన్ల ముక్క చాలు. దాన్ని లూప్‌లో పెట్టి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపించే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూడండి. 40 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఎక్కడ శిఖరం లేస్తోందో రాసుకోండి. ఆ అంకెని స్వరంగా మార్చుకుంటే ఆ సీనుకి శ్రుతి ఏదో తెలిసిపోతుంది.

మన దగ్గర ఇంటి లోపల తీసిన సీన్లలో దాదాపు ప్రతిసారీ కనిపించేది కరెంటు హమ్. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్. ఫ్రిజ్, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు, ఇన్వర్టర్ ఇవన్నీ 50, 100, 200 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంటాయి. సంగీతం లెక్కలో అది జి స్వరం కన్నా సుమారు 35 సెంట్లు ఎక్కువ, అంటే సెమీటోన్‌లో మూడో వంతు పైకి. మీ గిటార్‌లో జి తీగ 196 హెర్ట్జ్‌లో మోగుతూ సీన్లో హమ్ 200లో ఉంటే, రెండూ కలిసి సెకనుకి నాలుగుసార్లు ఊగుతాయి. వినేవాళ్లకి అది ఏమిటో తెలియదు కానీ గిటార్ అపశ్రుతిలో ఉందనిపిస్తుంది. మిక్సింగ్‌లో ఎంత ఈక్యూ చేసినా పూర్తిగా పోదు.

మూడు దారులున్నాయి. హమ్ తక్కువైతే డైలాగ్ ఎడిటర్ చేత తీయించేయడం ఒకటి. ట్యూనర్‌లో ఎ = 440ని 449కి మార్చి గిటార్ మొత్తాన్ని ఆ హమ్‌కే శ్రుతి చేయడం రెండోది. చాలా క్రోమాటిక్ ట్యూనర్లు 450 దాకా వెళ్తాయి. జి స్వరమే లేని ట్యూనింగ్ ఎంచుకోవడం మూడోది. హమ్ సీన్లో భాగంగా ఉండిపోయేటట్టయితే మాకు నచ్చేది రెండో దారి. ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ మూలుగు మీద గిటార్ వచ్చి కూర్చున్నప్పుడు ఆ ఇల్లే పాడుతున్నట్టుంటుంది. అమెరికాలో తీసిన సినిమా చేతికొస్తే ఈ లెక్క మారుతుంది. అక్కడ 60 హెర్ట్జ్. అది బి ఫ్లాట్‌కీ బి కీ సరిగ్గా మధ్యలో పడుతుంది.

ట్యూనింగ్

కూడర్ సంగీతానికి మూలం బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927 డిసెంబరులో డాలస్‌లో రికార్డు చేసిన 'డార్క్ వాజ్ ది నైట్, కోల్డ్ వాజ్ ది గ్రౌండ్'. అందులో సాహిత్యం లేదు, మూలుగూ స్లైడ్ గిటారే. 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో పంపిన బంగారు రికార్డులో చోటు దక్కిన పాట కూడా అదే. ఆ తరహా వాయింపుకి ఓపెన్ డి అనువు, అంటే వేలు పెట్టకుండా తీగలన్నీ మీటితే డి మేజర్ కార్డు పలికే ట్యూనింగ్.

మామూలు ట్యూనింగ్ నుంచి ఓపెన్ డి కి వెళ్లడానికి ఏ తీగనీ బిగించక్కర్లేదు, తెగుతుందన్న భయం ఉండదు. లావుగా ఉండే ఆరో తీగని ఇ నుంచి డి కి దించండి. ఐదో తీగ ఎ, నాలుగో తీగ డి అలాగే ఉంటాయి. మూడో తీగని జి నుంచి ఎఫ్ షార్ప్‌కి, అంటే సెమీటోన్ దించండి. రెండోది బి నుంచి ఎ కి, ఒకటోది ఇ నుంచి డి కి. ఒకసారి దించాక మెడ మీద బిగువు మారి మిగతా తీగలు కాస్త పైకి జరుగుతాయి. రెండో విడత మళ్లీ సరిచూసి, పది నిమిషాలు ఆగి మూడోసారి చూడండి.

ఇ ఫ్లాట్ కావాలంటే ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టడం తేలిక. కేపో లేకుండా చేయాలంటే ఇ ఫ్లాట్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, జి, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. ఇందులో ఐదు, నాలుగు తీగలు సెమీటోన్ పైకి బిగించాలి. గమనించారో లేదో, ఓపెన్ డి తీగల్లో జి లేదు, ఇ ఫ్లాట్‌లో మాత్రం మూడో తీగే జి. ఎడారికి బాగా కుదిరిన ట్యూనింగ్ అపార్ట్‌మెంట్ సీన్లో హమ్‌తో కొట్లాడుతుంది. శ్రుతిని సీను నుంచి తెచ్చుకోమనేది ఇందుకే.

విషాద సన్నివేశం అనగానే మూడో తీగని ఇంకో సెమీటోన్ దించి మైనర్ చేయకండి. స్లైడ్‌తో ఎఫ్‌కీ ఎఫ్ షార్ప్‌కీ మధ్య చోటులో నిలబడొచ్చు. మేజరో మైనరో తేలని ఆ చోటే ఈ సంగీతానికి ప్రాణం. మైనర్ తీగల మీద వాయిస్తే ఏడవమని ప్రేక్షకుడికి చెప్పినట్టవుతుంది.

గిటార్, స్లైడ్, చేతులు

అకౌస్టిక్ గిటార్‌కి 13 నుంచి 56 గేజ్ సెట్టు వేయండి. సన్న తీగలయితే స్లైడ్ బరువుకి లోపలికి వంగి ఫ్రెట్‌ని తాకుతాయి, టక్‌మని లోహం చప్పుడు రికార్డవుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఆరో తీగకి 3 మిల్లీమీటర్లు, ఒకటో తీగకి 2.5 ఉంటే సరిపోతుంది. అంతకన్నా పెంచితే వేళ్లతో నొక్కే స్వరాలు పైకి లాగేస్తాయి.

స్లైడ్ గాజుదయితే స్వరం అంచులు మెత్తగా ఉంటాయి, ఇత్తడిదయితే గరుకుగా, బిగ్గరగా మోగుతుంది. మాటలున్న సీన్లకి గాజు మేలు. గోడ మందంగా, వేలికి వదులు లేకుండా ఉండాలి. చిటికెన వేలికి తొడిగితే మిగతా మూడు వేళ్లూ ఖాళీగా దొరుకుతాయి.

స్లైడ్‌ని సరిగ్గా ఫ్రెట్ కడ్డీ మీదే ఆపాలి. మామూలుగా వేలితో నొక్కే అలవాటున్నవాళ్లు కడ్డీ వెనకాల ఆపుతారు, స్వరం తగ్గి వినిపిస్తుంది. నొక్కకండి, ఆనించండి చాలు. స్లైడ్ వెనకనున్న తీగ ముక్క కూడా సన్నగా మోగుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు ఆ ముక్క మీద ఆనించి నోరు మూయించాలి. కుడిచేతి పని కూడా అంతే ముఖ్యం: మీటే తీగ తప్ప మిగతా తీగల మీద వేళ్లు, అరచేతి అంచు ఆనుకుని ఉండాలి. ఈ రెండు చేతుల అదుపూ లేకపోతే పెద్ద స్పీకర్ల మీద మీ గిటార్ పాడుబడ్డ గేటులా కిర్రుమంటుంది.

కర్ణాటక సంగీతం విన్న చెవి ఇక్కడ పనికొస్తుంది. తీగల మీద కడ్డీ జరుపుతూ వాయించే గోటువాద్యంలో జారు ఎలా వేస్తారో వినండి: కింది స్వరం నుంచి బయల్దేరి పై స్వరాన్ని చేరేలోపు ఎక్కడ తాత్సారం చేస్తారు, చేరాక ఎంతసేపటికి కంపితం మొదలెడతారు అన్నది. సినిమాకి మామూలుగా రాక్‌లో వేసేదాని కన్నా మూడింతలు నెమ్మదిగా జారాలి. స్వరం చేరిన వెంటనే వణికించకండి. ఒక సెకను నిశ్చలంగా ఉంచి, ఆ తర్వాత మెల్లగా మొదలెట్టండి. మన వాద్యం పక్కన కూడర్ ఎలా వింటూ వాయిస్తారో తెలియాలంటే విశ్వమోహన్ భట్ మోహన వీణతో ఆయన చేసిన 'ఎ మీటింగ్ బై ది రివర్' ఉంది, 1993లో వచ్చింది, గ్రామీ అందుకుంది.

ఏ బిట్ ఎక్కడ

ఎడిటింగ్ పూర్తిగా ముగిసిన సినిమా మాత్రమే తీసుకోండి. 'ఇంకో రెండు షాట్లు తగ్గుతాయంతే' అన్న మాటకి లొంగితే బిట్లన్నీ, అంటే ఒక్కో చోట వచ్చే సంగీతపు ముక్కలన్నీ, తిరగరాయాలి. వీడియో మీద టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము అంకెలు) కనబడాలి. ఫ్రేమ్ రేటు 24, 23.976, 25 లలో ఏదో ఎడిటర్‌తో రాయించుకోండి. 24 అనుకుని చేసినది 23.976 అని తేలితే 100 నిమిషాల సినిమా చివరికి 6 సెకన్లు తప్పుతుంది. మొదటి పావుగంటలో తేడా ఒక్క సెకనుకూడా ఉండదు కాబట్టి ఎవరూ పట్టుకోరు.

దర్శకుడితో కలిసి సినిమా చూసేటప్పుడు ఎడిటర్ తాత్కాలికంగా వేరే చోటి నుంచి తెచ్చి వేసిన సంగీతం, అదే టెంప్ ట్రాకు, ఆపించేయండి. దానికి అలవాటుపడ్డ దర్శకుడికి మీరేం చేసినా దాని నకలే కావాలనిపిస్తుంది. ప్రతి బిట్‌కీ మొదలు, ముగింపు టైమ్‌కోడ్, శ్రుతి, ఎందుకు అన్నది ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే అక్కడ బిట్ అక్కర్లేదు.

మన సినిమాల్లో ఆర్.ఆర్. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వినిపించడం అలవాటు. ఫైట్లకీ మాస్ ఎంట్రీలకీ అది నడుస్తుంది. ఒక్క గిటార్ ఆ బరువు మోయలేదు, మోయించకూడదు. ఇలాంటి సంగీతం కోరుకునే దర్శకుడితో ముందే ఒప్పందం చేసుకోండి: సినిమాలో పావు వంతు కన్నా ఎక్కువ సంగీతం ఉండదని, మిగతాచోట్ల లొకేషన్ సౌండ్‌ని సౌండ్ డిజైనర్ నిలబెడతారని. అది కుదరదంటే ఈ పద్ధతి ఆ సినిమాకి కాదు.

బిట్‌ని కట్ మీద మొదలెట్టకండి. కారు తలుపు మూసిన చప్పుడు ఆరిపోతున్నప్పుడో, పాత్ర చూపు తిప్పినప్పుడో ప్రవేశిస్తే తెలియకుండా లోపలికి వస్తుంది. ముగింపులో ఆఖరి స్వరాన్ని ఫేడ్ చేయకుండా దానంతటదే ఆరనివ్వండి. అది ఆరే చోట గాలి, రోడ్డు, ఫ్యాను వినపడేలా నాలుగు సెకన్లు ఖాళీ అడగండి.

మాటలున్న సీన్లో హల్లులు స్పష్టంగా వినిపించేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. స్లైడ్ లావు తీగల మీద గీసుకునే గరగర కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి డైలాగ్ కింద లోహపు చుట్టు లేని సన్నటి ఒకటి, రెండు తీగలు వాడండి, లేదా ఆరో తీగని తెరిచి మీటి వదిలేయండి. 73 హెర్ట్జ్ దగ్గర మోగే ఆ డి దాకా మామూలుగా ఎవరి గొంతూ దిగదు. జారు వేయాలంటే వాక్యానికీ వాక్యానికీ మధ్య వేయండి. డైలాగ్ షీటు ముందు పెట్టుకుని, ఖాళీలు పెన్సిలుతో గుర్తుపెట్టుకోవడం మంచిది.

తెర చూస్తూ రికార్డింగ్

1995లో జిమ్ జార్ముష్ 'డెడ్ మ్యాన్'కి నీల్ యంగ్ సినిమా నడుస్తుంటే చూస్తూ అక్కడికక్కడే వాయించారు. ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ గిటారే, అక్కడక్కడ అకౌస్టిక్, పియానో, ఆర్గన్. పింక్ ఫ్లాయిడ్ పద్ధతి వేరు. 1972లో 'లా వాలే'కి ఫ్రాన్సులోని షాతో దెరూవిల్‌లో స్టాప్‌వాచ్‌తో కొలుచుకుంటూ పని చేశారు. ఈ రెండూ కలిపి వాడుకోవచ్చు.

మొదట రోజుకి ఒక రీలు (సినిమాని విడగొట్టిన ఒక భాగం) చొప్పున, ఆపకుండా, తెర చూస్తూ వాయించండి. పెద్ద తెర ఎదురుగా ఉండాలి, ల్యాప్‌టాప్ మీద ముఖాలు చదవలేరు. హెడ్‌ఫోన్లలో డైలాగ్, లొకేషన్ సౌండ్ రెండూ రావాలి. లయ చెప్పే క్లిక్ వద్దు. తప్పు స్వరం పడినా ఆపకండి. సీను నడకకి చేయి అలవాటు కావడమే ఈ విడత ప్రయోజనం. ఒక్కో రీలుకి మూడు టేకులు చాలు. ఆపైన చేయి సీను కన్నా ముందే పరిగెత్తుతుంది, జరగబోయేది ముందే తెలిసినట్టు వినిపిస్తుంది.

తర్వాత వాటిలో పనికొచ్చే చోట్లని బిట్లుగా విడదీసి, ఒక్కోదాన్ని జాగ్రత్తగా మళ్లీ వాయించండి. ఫలానా చోట స్వరం పడి తీరాలనుకుంటే దానికి సరిగ్గా మూడు సెకన్ల ముందు వీడియోలో ఒక గుర్తు పెట్టించుకోండి. లయ కావాల్సిన బిట్ ఉంటే ఫ్రేములకి కుదిరే వేగం ఎంచుకోండి: 24 ఫ్రేముల సినిమాలో నిమిషానికి 60 అయితే దెబ్బకి 24 ఫ్రేములు, 72 అయితే 20, 90 అయితే 16. కట్లు లయలో పడతాయా లేదా అన్నది ఎడిటర్‌తో అంకెల్లోనే మాట్లాడుకోవచ్చు.

మైకు విషయంలో, చిన్న డయాఫ్రమ్ కండెన్సర్‌ని 12వ ఫ్రెట్‌కి 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మెడ పెట్టెలో కలిసే చోటువైపు తిప్పండి. గిటార్ పెట్టె రంధ్రానికి ఎదురుగా పెడితే బుంగ మోగినట్టు వస్తుంది. రెండో మైకు రెండు మీటర్ల దూరంలో, గది కోసం. శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. మంద్రంగా వాయించే ఈ సంగీతంలో గది చప్పుడు దాచడం కష్టం కాబట్టి ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేసి రాత్రి పని పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద రికార్డు చేయొద్దు.

స్లైడ్ స్వరం నాలుగైదు సెకన్లలో పల్చబడిపోతుంది. పది సెకన్లు నిలవాలంటే బిగ్గర, మంద్ర శబ్దాల మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ 3:1లో, అటాక్ 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 300 దగ్గర పెట్టి చూడండి. అప్పుడు చేతుల అదుపు లేని చోట్లన్నీ పైకి తేలతాయి. అది వాయించడంలోనే దిద్దుకోవాలి. రివర్బ్ (గది ప్రతిధ్వని) మూడు సెకన్లది, అది మొదలయ్యే ముందు ఆగే వ్యవధి, అంటే ప్రీడిలే, 80 మిల్లీసెకన్లు. రివర్బ్ తిరిగొచ్చే దారిలో 200 హెర్ట్జ్ కిందా 5 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి, లేదంటే దాని తోక వచ్చి తర్వాతి డైలాగ్ మొదటి మాట మీద పడుతుంది.

ఇవ్వాల్సినవి, రాయించుకోవాల్సినవి

ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మ్యూజిక్ సెషన్లు 44.1లో పెట్టే అలవాటున్నవాళ్లు జాగ్రత్త: మార్చకుండా ఇస్తే 48లో వేగంగా నడిచి, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు పైకి పోతుంది. గాలికి శ్రుతి చేసిన శ్రమంతా వృథా. రివర్బ్ లేని గిటార్, గది మైకు, రివర్బ్, లోతైన తీగ మోత ఇవన్నీ వేర్వేరు స్టెమ్‌లుగా, అంటే విడి ఫైళ్లుగా, ఇవ్వండి. అన్నీ ఒకే టైమ్‌కోడ్ దగ్గర మొదలవ్వాలి. ఆ టైమ్‌కోడ్ ఫైలు పేరులో ఉండాలి. లిమిటర్ వేయకండి, ఫైనల్ మిక్స్ చేసే ఇంజనీరుకి చోటు కావాలి.

పాత బ్లూస్ మీద ఆధారపడేటప్పుడు బాణీ హక్కు వేరు, రికార్డు హక్కు వేరు. ఇండియాలో బాణీకి కర్త మరణించాక 60 ఏళ్లు, రికార్డుకి విడుదలయ్యాక 60 ఏళ్లు. జాన్సన్ 1945లో చనిపోయారు. కానీ సినిమా ఓటీటీలో అమెరికాలోనూ నడుస్తుంది, అక్కడ 1928లో విడుదలైన ఆయన రికార్డుకి 2028 చివరిదాకా రక్షణ ఉంది. కాబట్టి పాత రికార్డు ముక్క కోసి వాడకండి, కూడర్‌లాగా మీ చేత్తో కొత్తగా వాయించండి. మీ సొంత పాత ట్రాకులు వాడేటప్పుడు కూడా దర్శకుడికి చెప్పండి. రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ 2007లో 'దేర్ విల్ బి బ్లడ్'కి చేసిన సంగీతం, అందులో ముందే ఉన్న రచనల భాగాలున్నందుకు ఆస్కార్ పోటీకి అర్హత పొందలేదు.

మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతోపాటు వినిపించేది మినహా మిగతా వాడకాల మీద రాయల్టీలో సగం వాటా సంగీత రచయితది. దాన్ని వారసులకీ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఎవరికీ రాసివ్వలేరు. 'సర్వహక్కులూ నిర్మాతవే' అన్న కాగితం ముందు పెట్టినా ఈ వాటా పోదు. అది చేతికి రావాలంటే మాత్రం సంగీత, గీత రచయితల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, ప్రతి బిట్ పేరు, నిడివి, రచయిత పేరు ఉన్న క్యూ షీటు నిర్మాణ సంస్థ చేత సంతకం పెట్టించి దాఖలు చేయాలి. మొదట టైమ్‌కోడ్‌లు రాసుకున్న ఆ కాగితమే దీనికి ఆధారం. సినిమా విడుదలయ్యాక ఆఫీసులో ఎవరూ దొరకరు, ఫైనల్ మిక్స్ రోజునే సంతకం తీసుకోండి.